తుపాకీ ఎవరివైపు చూస్తోంది?

అమెరికాలో ఎక్కడో కాల్పులు జరిగాయని టీవీ తెర అడుగున అక్షరాలు పరుగెత్తగానే మన ఊళ్లలో ఫోన్లు మోగుతాయి. మనవాళ్లుండేది ఆ రాష్ట్రంలోనేనా, ఆ ఊరు ఎంత దూరం, ఇవాళ బయటికేమైనా వెళ్లారా? 2017 ఫిబ్రవరిలో కాన్సాస్ రాష్ట్రం ఒలేతలోని ఒక బార్‌లో హైదరాబాద్ ఇంజనీరును కాల్చి చంపినప్పుడు ఇవే ప్రశ్నలు. 2023 మేలో టెక్సస్‌లోని ఆలెన్ మాల్‌లో చనిపోయిన ఎనిమిది మందిలో తెలంగాణ అమ్మాయి ఉందని తెలిసినప్పుడూ ఇవే. చివరికి ప్రతి ఇంట్లో పెద్దవాళ్లు అడిగేది ఒకటే: "అంత పెద్ద దేశం, ఆ తుపాకులేవో నిషేధించలేరా?" అవతలి నుంచి కొడుకో కూతురో చెప్పే జవాబూ ఒకటే: "ఇక్కడ అది హక్కు నాన్నా."

అది హక్కేనా? అయితే ఎవరిది, ఎంతవరకు? ఈ ప్రశ్నల మీద అమెరికా కోర్టులు, చట్టసభలు, పరిశోధకులు తరాలుగా తగువులాడుతున్నారు. ఆ తగువును మొదటినుంచి చదువుతూ పోతే ఒక విచిత్రం కనిపిస్తుంది. తుపాకీ కావాలనేవాళ్లూ వద్దనేవాళ్లూ ఇద్దరూ వీధి గుమ్మం వైపే చూస్తూ వాదిస్తారు. ఒకరికి దొంగ కనిపిస్తాడు, ఇంకొకరికి స్కూల్లో చొరబడ్డ ఉన్మాది. చావుల లెక్క మాత్రం ఇంటి లోపలి గదులను చూపిస్తుంది.

ఇరవై ఏడు మాటలు

అమెరికా రాజ్యాంగానికి 1791లో చేరిన రెండో సవరణ ఇంగ్లీషులో 27 మాటల ఒకే వాక్యం. మొదటి సగం స్వేచ్ఛాయుత రాజ్యం భద్రతకు క్రమశిక్షణ గల మిలీషియా, అంటే పౌరసేన, అవసరమని చెబుతుంది. రెండో సగం ఆయుధాలు ఉంచుకునే, ధరించే ప్రజల హక్కుకు భంగం కలగరాదంటుంది. మొదటి సగం రెండో సగానికి షరతా, లేక పీఠిక మాత్రమేనా? రెండు శతాబ్దాల వ్యాజ్యమంతా ఈ అన్వయం చుట్టూనే తిరిగింది.

చాలాకాలం కోర్టులు మొదటి సగానికే బరువిచ్చాయి. 1939 నాటి మిల్లర్ కేసులో గొట్టం కోసి పొట్టి చేసిన షాట్‌గన్‌కూ మిలీషియాకూ సంబంధం చూపలేదని, దానికి రక్షణ లేదని సుప్రీంకోర్టు తేల్చింది. వ్యక్తిగత హక్కు అన్న వ్యాఖ్యానం పెద్ద మోసమని 1991లో మాజీ ప్రధాన న్యాయమూర్తి వారెన్ బర్గర్ అన్నారు. ఆయన వామపక్షీయుడేమీ కాదు, రిపబ్లికన్ అధ్యక్షుడు నిక్సన్ నియమించిన మనిషి.

అప్పటికే నేల కదిలింది. 1871లో అంతర్యుద్ధ సైనికాధికారులు గురి నేర్పడానికి పెట్టుకున్న సంఘం నేషనల్ రైఫిల్ అసోసియేషన్. 1977లో సిన్సినాటీ మహాసభలో పాత నాయకత్వాన్ని దించి, రాజకీయ పోరాటమే పని అనుకునేవాళ్లు దాన్ని చేజిక్కించుకున్నారు. తర్వాతి ముప్పై ఏళ్లలో ఎన్నికల నిధులు, న్యాయశాస్త్ర వ్యాసాలు, న్యాయమూర్తుల నియామకాలు ఒకే దిశలో సాగాయి. 2008లో వాషింగ్టన్ నగరపు పిస్తోలు నిషేధం మీద వచ్చిన హెల్లర్ కేసులో 5–4 మెజారిటీతో అది వ్యక్తి హక్కేనని తీర్పు వచ్చింది. రాసినది జస్టిస్ స్కాలియా. ఈ హక్కు అపరిమితం కాదనీ, నేరస్తులకు తుపాకులు నిషేధించే చట్టాలూ, బడుల్లోకి, ప్రభుత్వ కార్యాలయాల్లోకి తేకూడదనే నియమాలూ చెల్లుతాయనీ అదే తీర్పులో ఉంది. మొదటి మాట హక్కుల పక్షం జెండా అయింది, రెండోది నియంత్రణ పక్షానికి ఊతకర్ర.

2010లో మెక్‌డొనాల్డ్ కేసు ఈ హక్కును రాష్ట్రాలకూ వర్తింపజేసింది. 2022 జూన్ 23న వచ్చిన బ్రూయెన్ తీర్పు ఇంకా ముందుకు పోయింది. తుపాకీ ధరించి బయట తిరగాలంటే ప్రత్యేక కారణం చూపాలన్న న్యూయార్క్ చట్టాన్ని 6–3తో కొట్టేసింది. ఇకనుంచి ఏ నియంత్రణ అయినా నిలవాలంటే దేశ చరిత్రలో దానికి పోలిక చూపాలంది. చట్టం ప్రాణాలు కాపాడుతోందా అన్నది ఇక ప్రశ్న కాదు, పూర్వీకులు అలాంటిది చేశారా అన్నదే ప్రశ్న. దాంతో కింది కోర్టుల జడ్జీలు 18వ శతాబ్దపు శాసనాలు తిరగేసే పనిలో పడ్డారు. భార్యకో భాగస్వామికో ముప్పుగా మారి కోర్టు ఉత్తర్వు కింద ఉన్నవాళ్ల చేతుల్లో తుపాకీ ఉండకూడదనే చట్టం కూడా ఈ పరీక్షలో తడబడింది. 2024లో రహీమీ కేసులో సుప్రీంకోర్టే 8–1తో దాన్ని నిలబెట్టాల్సి వచ్చింది. ఆ ఒక్క భిన్నస్వరం బ్రూయెన్ తీర్పు రాసిన జస్టిస్ థామస్‌దే.

ఎవరి చేతిలో ఉండకూడదు?

ఈ చరిత్రను ఒకవైపు మంచివాళ్లు, ఒకవైపు చెడ్డవాళ్లు అని పంచిపెట్టడానికి వీల్లేదు. అమెరికాలో తుపాకీ నియంత్రణ తొలి రూపాల్లో ఒకటి నల్లవాళ్ల నిరాయుధీకరణ. 1857 నాటి డ్రెడ్ స్కాట్ తీర్పులో ప్రధాన న్యాయమూర్తి టానీ నల్లవాళ్లకు పౌరసత్వం ఎందుకు కుదరదో చెబుతూ, ఇస్తే వాళ్లు ఆయుధాలు పట్టుకు తిరుగుతారన్న భయాన్నీ చేర్చాడు. బానిసత్వం పోయిన 1865లోనే మిసిసిపీ, విముక్తులైన నల్లవాళ్ల చేతిలో తుపాకీ ఉండకుండా చట్టం చేసింది. 1967లో నల్లవాళ్ల సంఘమైన బ్లాక్ పాంథర్లు తుపాకులతో కాలిఫోర్నియా శాసనసభకు నడిచి వచ్చాక, బహిరంగంగా నిండు తుపాకీ మోయడాన్ని నిషేధించే బిల్లు మీద సంతకం చేసిన గవర్నరు రోనాల్డ్ రీగన్.

మనకూ ఇది తెలియని కథ కాదు. 1857 తిరుగుబాటు చేదు ఇంకా పోని కాలంలో, 1878లో, వైస్రాయి లిట్టన్ ఆయుధాల చట్టం తెచ్చాడు. భారతీయుడికి లైసెన్సు తప్పనిసరి, తెల్లవాడికి మినహాయింపు. ఆ అవమానం ఎంత లోతుగా దిగిందంటే, 1931 కరాచీ కాంగ్రెస్ తీర్మానించిన ప్రాథమిక హక్కుల్లో నిబంధనలకు లోబడి ఆయుధాలు ఉంచుకునే హక్కు కూడా ఉంది. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద అల్లూరి సీతారామరాజు దళం వరసగా దాడి చేసింది తుపాకుల కోసమే. తెలంగాణ సాయుధ పోరాటంలో వడిసెలతో, కర్రలతో మొదలైన రైతులు తుపాకీ దాకా వెళ్లింది రజాకార్లు, దొరల మనుషులు తుపాకులతో వస్తున్నారనే. నిరంకుశ పాలనను ఎదిరించడానికి జనం చేతిలో ఆయుధం ఉండాలన్న అమెరికన్ వాదన విని నవ్వే ముందు తెలుగువాళ్లం ఈ రెండు ఘట్టాలనూ గుర్తుచేసుకోవాలి.

మరి మన రాజ్యాంగంలో ఆ హక్కు ఎందుకు లేదు? 1948 డిసెంబరులో రాజ్యాంగ సభలో హెచ్.వి.కామత్ కరాచీ తీర్మానాన్ని గుర్తుచేసి దాన్ని చేర్చమని సవరణ పెట్టారు. అంబేద్కర్ ఒప్పుకోలేదు. పరాయి పాలనలో అడిగినది వేరు, స్వతంత్ర దేశంలో అవసరం వేరు అన్నారు. ఆపద వేళ దేశం కోసం ఆయుధం పట్టడం పౌరుడి బాధ్యత కావచ్చు గాని, దొంగలూ దోపిడీదారులతో సహా అందరికీ ఆయుధం హక్కుగా ఇవ్వలేమన్నది ఆయన వాదన సారాంశం. విభజన నెత్తురు అప్పటికి ఆరలేదు. గాంధీజీ పిస్తోలు గుండ్లకు నేలకొరిగి ఏడాది కూడా కాలేదు. సవరణ వీగిపోయింది. ఒకే బ్రిటిష్ గొడుగు కిందనుంచి బయటపడ్డ రెండు దేశాలు అలా చెరో దారి పట్టాయి. అమెరికాలో ఎందుకు ఇవ్వకూడదో ప్రభుత్వం చెప్పుకోవాలి. ఇక్కడ ఎందుకు కావాలో పౌరుడు చెప్పుకోవాలి.

1959 ఆయుధాల చట్టం కింద మన దగ్గర లైసెన్సు కావాలంటే పోలీసు విచారణ జరగాలి, ప్రాణభయమో మరో కారణమో చూపాలి, జిల్లాలో కలెక్టరో నగరంలో పోలీసు కమిషనరో ఒప్పుకోవాలి. 2019 సవరణతో ఒకరి దగ్గర ఉండదగ్గ తుపాకులు మూడు నుంచి రెండుకు తగ్గాయి. పెళ్లిళ్లలో, ఊరేగింపుల్లో సరదాకి కాల్చి ఇతరులకు ప్రమాదం తెస్తే రెండేళ్ల దాకా జైలో, లక్ష రూపాయల దాకా జరిమానాయో, రెండూనో పడతాయి. ఎన్నికలొస్తే లైసెన్సు తుపాకులు స్టేషన్‌లో అప్పగించి రసీదు తీసుకోవడం మనకు మామూలు విషయం. ఓటు వేసే ముందు తుపాకీ పోలీసులకివ్వమని టెక్సస్‌లో అంటే ఊహించడమే కష్టం.

కౌంటరు దగ్గర

అమెరికాలో చట్టాలు లేవనుకోవడం పొరపాటు. ఉన్నాయి. ప్రతి పెద్ద చావు వెనకా ఒకటి పుట్టింది. ముఠాల మెషీన్‌గన్ల కాలంలో 1934 చట్టం. కెన్నెడీ సోదరులు, మార్టిన్ లూథర్ కింగ్ హత్యల తర్వాత 1968 చట్టం. 1981లో రీగన్ మీద కాల్పుల్లో తలకు గుండు తగిలిన ప్రెస్ సెక్రటరీ జేమ్స్ బ్రేడీ పేరిట 1993 చట్టం, దాని వల్ల వచ్చిన బ్యాక్‌గ్రౌండ్ చెక్. సైనిక తరహా రైఫిళ్ల మీద 1994లో వచ్చిన నిషేధానికి పదేళ్లే ఆయుష్షు. 2004లో దాన్ని ఎవరూ పొడిగించలేదు.

అసలు కథ ఆ చట్టాల అతుకుల దగ్గర ఉంది. లైసెన్సున్న దుకాణంలో కొంటే కేంద్ర చట్టం ప్రకారం కొనుగోలుదారు పూర్వాపరాలు చూడాలి. అదే తుపాకీని పక్కింటాయన దగ్గర కొంటే అక్కర్లేదు. కొన్ని రాష్ట్రాలు మాత్రం దీనికీ తనిఖీ పెట్టాయి. దుకాణంలోనైనా మూడు పనిదినాల్లో జవాబు రాకపోతే అమ్మేయవచ్చు. 2015లో చార్లెస్టన్ చర్చిలో తొమ్మిది మంది నల్లజాతీయులను చంపినవాడు, నిజానికి కొనడానికి అర్హత లేకపోయినా, ఈ సందులోంచే తుపాకీ సంపాదించాడు. షికాగోలో నియమాలు ఎంత గట్టిగా ఉన్నా పక్క రాష్ట్రం ఇండియానా కారు ప్రయాణం దూరంలోనే ఉంది. కంచె ఒకవైపే వేసిన చేను లాంటిది.

2022 మేలో టెక్సస్ యువాల్డీ బడిలో 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు చనిపోయాక దాదాపు ముప్పై ఏళ్లలో మొదటిసారి కాంగ్రెస్ గట్టిగా కదిలింది. 21 ఏళ్లలోపు కొనుగోలుదారుల తనిఖీ గట్టిపడింది. ప్రమాదకరంగా మారిన మనిషి దగ్గరనుంచి కోర్టు ఉత్తర్వుతో తుపాకీ తాత్కాలికంగా తీసుకునే రాష్ట్రాల 'రెడ్ ఫ్లాగ్' చట్టాలకు నిధులొచ్చాయి. ఆ బిల్లు సెనేట్ దాటింది 2022 జూన్ 23న, సరిగ్గా బ్రూయెన్ తీర్పు వెలువడిన రోజే. దేశం ఒకే రోజు ఒక చేత్తో ముడి బిగించి, ఇంకో చేత్తో వదులు చేసింది.

లెక్కలు చెప్పేది

2021లో అమెరికాలో తుపాకీ వల్ల చనిపోయినవాళ్లు 48,830 మంది. వారిలో హత్యలు 20,958. ఆత్మహత్యలు 26,328. టీవీలు రోజుల తరబడి చూపించే సామూహిక కాల్పుల వాటా ఈ మొత్తంలో చాలా చిన్నది. వాదమంతా చుట్టుకునే ఏఆర్-15 లాంటి రైఫిళ్లకన్నా హత్యల్లో వాడేది మామూలు పిస్తోళ్లనే. 2020 నుంచి అమెరికాలో ఏడాది దాటిన పిల్లలు, టీనేజర్ల చావులకు మొదటి కారణం తుపాకీ. రోడ్డు ప్రమాదాలు రెండో స్థానానికి దిగాయి.

హక్కుల పక్షం వాదన బలమెక్కడో కూడా చూడాలి. అమెరికా పల్లెల్లో షెరీఫ్ రావడానికి ముప్పావుగంట పట్టే ఇళ్లున్నాయి. క్యాజిల్ రాక్ కేసులో, భర్త నుంచి రక్షణ ఉత్తర్వు ఉన్న తల్లి ఎంత వేడుకున్నా పోలీసులు కదలలేదు, ముగ్గురు పిల్లలు చనిపోయారు. ఆ ఉత్తర్వును పోలీసులు అమలు చేసితీరాలన్న రాజ్యాంగ హక్కు ఆమెకు లేదని 2005లో సుప్రీంకోర్టు తేల్చింది. పోలీసు రాకపోతే నాకు నేనే దిక్కు అనుకునే మనిషిని వెర్రివాడనలేం. తుపాకీతో ఆత్మరక్షణ ఏటా ఎన్నిసార్లు జరుగుతుందన్న అంచనాలు మాత్రం, కొలిచే పద్ధతిని బట్టి, 60–70 వేల దగ్గర మొదలై 25 లక్షల దాకా పోతాయి. ఇంత ఎడం ఉన్న అంకెల మీద ఎవరైనా ఏదైనా కట్టుకోవచ్చు.

తుపాకీ లేకపోతే ఇంకోటి పట్టుకుంటారన్నది రెండో వాదన. రాయలసీమ ఫ్యాక్షన్ ఊళ్లను చూసినవాళ్లకు ఇది తెలియనిది కాదు. నాటు బాంబులు, వేటకొడవళ్లు లైసెన్సు అడగలేదు. మన దేశంలో తుపాకీ హత్యల్లో అత్యధికం లైసెన్సు లేని ఆయుధాలతోనే అని నేర గణాంకాలు ఏటా చెబుతాయి. అయినా వేటకొడవలితో ఎవరూ 32వ అంతస్తు కిటికీలోంచి ఒక కచేరీ జనం మీద దాడి చేయలేరు. 2017లో లాస్ వేగస్‌లో తుపాకులతో జరిగింది అదే. ఆయుధం మారితే పగ పోదు గాని, చావుల సంఖ్య మారుతుంది.

ఏ చట్టం పనిచేస్తుందో తేల్చడం అంత సులువు కాదు. 1996లో కాంగ్రెస్ తెచ్చిన డికీ సవరణ తర్వాత తుపాకీ చావుల మీద పరిశోధనకు కేంద్ర నిధులు దాదాపు ఇరవై ఏళ్లు ఎండిపోయాయి. ఉన్న అధ్యయనాలను వడపోసిన రాండ్ పరిశోధన సంస్థ గట్టి ఆధారం ఉన్నవని చెప్పినవి కొన్నే. పిల్లలకు అందకుండా తాళం వేయమనే చట్టాలు చావులు తగ్గిస్తాయి. వెనక్కి తగ్గే వీలున్నా ఎదురు కాల్చవచ్చనే 'స్టాండ్ యువర్ గ్రౌండ్' చట్టాలు హత్యలు పెంచుతాయి. చాలా మిగతా చట్టాల విషయంలో ఆధారం పలచన.

ఆత్మహత్యల దగ్గర మాత్రం సాక్ష్యం మసకగా లేదు. కాలిఫోర్నియాలో 2 కోట్ల 60 లక్షల మందిని ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనం 2020లో వచ్చింది. పిస్తోలున్న మగవాళ్లు తుపాకీతో ఆత్మహత్య చేసుకునే రేటు లేనివాళ్లకన్నా దాదాపు ఎనిమిది రెట్లు. ఆడవాళ్లలో 35 రెట్లు. ఇజ్రాయెల్ సైన్యం 2006లో చేసిన మార్పు ఒకటే: వారాంతంలో ఇంటికెళ్లే సైనికులు తుపాకీ బ్యారక్‌లోనే వదిలి వెళ్లాలి. సైనికుల ఆత్మహత్యలు 40 శాతం తగ్గాయి.

దీన్ని మన పల్లెలకన్నా బాగా ఎవరు అర్థం చేసుకోగలరు? అప్పు కట్టలేని రాత్రి, ఇంట్లో మాట పడ్డ రాత్రి, చేతికందే దూరంలో పురుగుమందు డబ్బా ఉండటం ఎంత ప్రాణాంతకమో తెలుగు రైతు ఇళ్లకు తెలుసు. ఆ ఒక్క రాత్రి గడిస్తే తెల్లవారి బతకాలనుకునేవాళ్లే ఎక్కువ. పక్కనున్న శ్రీలంక అత్యంత విషపు మందులను 1995 నుంచి వరసగా నిషేధిస్తే పదేళ్లలో ఆత్మహత్యల రేటు సగానికి పడిపోయింది. మనుషుల కష్టాలేమీ సగమవలేదు. చెయ్యి చాస్తే దొరికేదే దూరమైంది. పురుగుమందు తాగినవాళ్లను ఆసుపత్రికి మోసుకెళ్లే వ్యవధి ఒక్కోసారైనా ఉంటుంది. తుపాకీ ఆ వ్యవధి ఇవ్వదు.

మిగతా దేశాల దారి

స్కాట్లండ్‌లోని డన్‌బ్లేన్ బడిలో 1996లో 16 మంది పిల్లలు, టీచరు చనిపోయాక బ్రిటన్ మరుసటి ఏడే పిస్తోళ్లను నిషేధించింది. అదే 1996లో పోర్ట్ ఆర్థర్‌లో 35 మంది చనిపోయాక ఆస్ట్రేలియాలో ప్రధాని జాన్ హోవర్డ్, తన సంప్రదాయవాద పార్టీ ఓటర్ల కోపాన్నీ భరించి, దాదాపు ఆరున్నర లక్షల తుపాకులను డబ్బిచ్చి కొని కరిగించాడు. 2019 మార్చిలో క్రైస్ట్‌చర్చ్ మసీదుల్లో చనిపోయిన 51 మందిలో మన హైదరాబాద్ వాళ్లూ ఉన్నారు. నెల తిరక్కుండా న్యూజిలాండ్ పార్లమెంటు 119–1తో సెమీ ఆటోమేటిక్ ఆయుధాల్లో అత్యధికం నిషేధించింది. మరోవైపు స్విట్జర్లండ్‌లో పౌరసైన్యం కారణంగా ఇళ్లలో తుపాకులు చాలా ఉన్నాయి, అయినా హత్యలు తక్కువ. శిక్షణ, నియమాలు, సమాజపు తీరు కూడా లెక్కలోకొస్తాయని హక్కుల పక్షం చెప్పేది దీన్ని చూపించే.

ఈ ఉదాహరణల్లో ఏదీ అమెరికాకు అచ్చుగుద్దినట్టు సరిపోదు. ఆస్ట్రేలియా కొన్నది లక్షల్లో. అమెరికన్ పౌరుల దగ్గర ఉన్నవి, స్మాల్ ఆర్మ్స్ సర్వే అంచనా ప్రకారం, 39 కోట్లకు పైగా. మనుషులకన్నా తుపాకులే ఎక్కువ. దానికి తోడు హెల్లర్ తర్వాత పిస్తోలు నిషేధానికి రాజ్యాంగమే అడ్డు. "నిషేధించలేరా?" అన్న మన పెద్దల ప్రశ్నకు ఈ తరంలో జవాబు, సూటిగా చెప్పాలంటే, లేరు.

అడగాల్సిన ప్రశ్న

మరి ఫోన్లో ఏం అడగాలి? మనవాళ్లు అక్కడ తుపాకీకి ఎదురుగా మాత్రమే లేరు. కొందరు తుపాకీ వెనకా ఉన్నారు. అమెరికా కేంద్ర చట్టం ప్రకారం స్టూడెంట్ వీసా, హెచ్-1బీ లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్లు సాధారణంగా తుపాకీ ఉంచుకోకూడదు. కానీ మినహాయింపుల్లో ఒకటి వేట లైసెన్సు. అది చెల్లుబాటులో ఉంటే దారి తెరుచుకుంటుంది, జింకను ఎప్పుడూ చూడనివాడికైనా. గ్రీన్‌కార్డు వచ్చాక ఈ అడ్డంకీ పోతుంది. బంగారం కోసం మనవాళ్ల ఇళ్లలో దొంగలు పడుతున్నారన్న భయం, పక్కింటివాళ్ల అలవాటు, షూటింగ్ రేంజ్ సరదా కలిసి ఆ కొనుగోలు జరిగిపోతుంది. మన ఊళ్లో తుపాకీ పట్టిచూసిన అలవాటు లేని ఇంట్లోకి అది ఒక కొత్త సామానులా వస్తుంది. చదువు ఒత్తిడిలో ఉన్న పిల్లవాడూ, ఉద్యోగం పోయి వీసా గడువు లెక్కపెట్టుకుంటున్న తండ్రీ ఆ ఇంట్లోనే ఉంటారు.

అమెరికన్ పిల్లల డాక్టర్ల సంఘం సలహా చిన్నది: తుపాకీ ఇంట్లో లేకపోతే మేలు, ఉంటే ఖాళీగా, తాళంలో, గుండ్లు వేరేచోట. ఈ మాట అడిగే హక్కు కోసం కూడా డాక్టర్లు కోర్టుకెక్కాల్సి వచ్చింది. ఇంట్లో తుపాకీ ఉందా అని అవసరం లేకుండా డాక్టరు రోగిని అడగకూడదని ఫ్లోరిడా 2011లో చట్టం చేసింది. ఆరేళ్ల వ్యాజ్యం తర్వాత 2017లో అప్పీలు కోర్టు ఆ ఆంక్షను కొట్టేసింది. ఒక ప్రశ్నను ఆపడానికే చట్టం కావలసి వచ్చిందంటే దాని బలం ఎంతో తెలుస్తుంది.

ఆ ప్రశ్న అడగడానికి రెండో సవరణ మీద తీర్పు అక్కర్లేదు, సెనేట్‌లో మెజారిటీ అక్కర్లేదు. ఈసారి టీవీలో అక్షరాలు పరుగెత్తినప్పుడు, మీరు క్షేమమా అని అడిగాక, ఇంకో మాట అడగండి: "మీ ఇంట్లో ఉందా? ఉంటే తాళంచెవి ఎవరి దగ్గరుంది?"